సోమవారం సెలైన్

అందరికీ నమస్కారం. స్టేజీ మీద పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, ఏమనుకోకండి. ఫిబ్రవరి 4 క్యాన్సర్ దినం కదా, పరీక్షలు చేయించుకొమ్మని చెప్పు అని కమిటీ వాళ్లు పిలిచారు. చేయించుకోండి, తప్పకుండా. కానీ నేను మా అక్క గురించి చెప్పాలి.

అక్కకి గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్. ఇక్కడే హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో కరెంటు పెట్టారు, అదే రేడియేషన్, వారానికి అయిదు రోజులు, మొత్తం 25 సార్లు రాశారు, సోమవారం సోమవారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కలిపిన సెలైన్. ఫైల్లో కీమో అని చూసి "కీమో దాకా వచ్చిందంటే ఇంక అయిపోయినట్టేనారా తమ్మీ" అంది. నాకేం తెలుసు? ఎందుకిస్తున్నారో అక్కడ ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఒక్కరంటే ఒక్కరు. వాంతులకి తట్టుకోలేకపోయింది, ఇంతలో బతుకమ్మ వచ్చింది, ఊరెళ్లిపోయింది. 12 రోజులు కరెంటూ లేదు, సెలైనూ లేదు.

తర్వాత ఆ డాక్టర్నీ ఈ డాక్టర్నీ అడిగి తెలుసుకున్నా. ఎండిన నేలలో నాగలి దిగదు, తడిపి దున్నుతాం కదా, ఆ సెలైన్ పని అది. కరెంటు గడ్డ కణాల్లో డీఎన్‌ఏని తెంపుతుంది, కణం మళ్లీ అతికించుకోవాలని చూస్తుంది, సిస్‌ప్లాటిన్ పోయి ఆ డీఎన్‌ఏకే అంటుకుని అతకనివ్వదు. అంతేగానీ చివరి స్టేజీ అని ఇచ్చేది కాదమ్మా! 1999లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అయిదు ట్రయల్స్ చూసి, ఈ క్యాన్సర్‌లో రెండూ కలిపి ఇస్తే చావు ముప్పు 30 నుంచి 50 శాతం తగ్గుతోందని డాక్టర్లందరికీ చెప్పింది. గర్భాశయం లోపల గొట్టం పెట్టి ఇచ్చే కరెంటుతో సహా మొత్తం 8 వారాల్లో అయిపోవాలి, మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ పుంజుకుంటుంది.

వెనక కూర్చున్న అమ్మలూ, రక్తం తక్కువుందంటే తేలిగ్గా తీసుకోకండి, గడ్డకి ఆక్సిజన్ మోసుకెళ్లేది రక్తమే, ఆక్సిజన్ అందని గడ్డ కరెంటుకి రెండున్నర, మూడు రెట్లు మొండికేస్తుంది. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుతుంది, అందుకే అన్ని సెలైన్లు ఎక్కిస్తారు, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి ప్రతి వారం రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. చెవుల్లో హోరు కూడా రావచ్చు. తట్టుకోలేకపోతే డాక్టరుకి చెప్పండి, వాంతులకి మంచి మందులున్నాయి. తల, మెడ క్యాన్సర్‌లో సిస్‌ప్లాటిన్ పడనివాళ్లకి డోసిటాక్సెల్ అనే ఇంకో మందు కరెంటుతో కలిపి ఇస్తే పనిచేస్తుందని ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 2023లో చూపించారు. చెప్పకుండా మాత్రం మానేయకండి, దండం పెడతా.

అక్క రెండేళ్లకి పోయింది. ఆ 12 రోజుల వల్లే అని ఏ డాక్టరూ అనలేదు, నేనూ అనలేను. ఫైలు ఇప్పటికీ నా దగ్గరుంది, సెలైన్ ఎక్కిన రోజు టిక్కు పెట్టే గడుల్లో రెండు సోమవారాలవి ఖాళీ. మీ ఇంట్లో ఎవరికైనా కరెంటు నడుస్తుంటే మీటింగ్ అయ్యాక ఆగండి, ఫైలు తెచ్చుకోండి, గడులు కలిసి చూద్దాం.