హాంక్స్‌విల్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ దాకా సైకిల్ మీద: పల్లేరు కాయలు, ఒకే ఒక్క కుళాయి

నమస్కారం అండీ. ముందు ఈ టైరు చూడండి. కెమెరాకి దగ్గరగా పెడతాను. ఇదిగో, ఈ గాడి పక్కన చిన్న ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. వెనక టైరు ఒక్కదాంట్లోనే ఇలాంటివి పదకొండు లెక్కపెట్టాను. అయినా నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా దారిలో ఆగి పంపు బయటికి తీయలేదు.

ఈ టైర్లు ఒక కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. ఏదైనా కష్టమైన దారి మీద తొక్కి చూడమన్నారు, అంతే. వాళ్ళ పేరు కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. కానీ వెళ్ళొచ్చి రెండు వారాలైనా నా మనసు ఇంకా ఆ దారి మీదే ఉంది, అందుకని ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

దారి ఇది. అమెరికాలో యూటా రాష్ట్రం, హాంక్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో మొదలు. 95వ నంబరు రోడ్డు పట్టుకుని, హైట్ దగ్గర కొలరాడో నది దాటి, నేచురల్ బ్రిడ్జెస్ పార్కు దాకా. అక్కణ్ణుంచి 261 మీద దక్షిణానికి తిరిగి సీడర్ మేసా పైన తొక్కి, మోకీ డగ్‌వే అనే కొండదారి దిగి మెక్సికన్ హ్యాట్ అనే ఊరు. ఆఖర్న 163 మీద మాన్యుమెంట్ వ్యాలీ. మొత్తం సుమారు 160 మైళ్ళు, అంటే దాదాపు 260 కిలోమీటర్లు. మా బావ ఫీనిక్స్ నుంచి కారులో తీసుకెళ్ళి హాంక్స్‌విల్‌లో దింపాడు, నాలుగో రోజు మాన్యుమెంట్ వ్యాలీ దగ్గర ఎక్కించుకున్నాడు. ఈ దారి ఎత్తుపల్లాల గ్రాఫులు మీరు ఇప్పటికే చూసి ఉంటారు. 95 మీది ముక్క అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్ వాళ్ళ వెస్టర్న్ ఎక్స్‌ప్రెస్ దారిలో భాగమే, మ్యాపులు వాళ్ళ దగ్గర దొరుకుతాయి. గ్రాఫు చూస్తే తెలియనివి రెండున్నాయి, ముళ్ళూ నీళ్ళూ. వాటి సంగతి చెప్తాను.

ఈ ముళ్ళని ఇక్కడివాళ్ళు గోట్‌హెడ్స్ అంటారు. మేక తలకి ఉన్నట్టు రెండు కొమ్ములుంటాయి. మొదటిసారి ఒకటి చేతిలోకి తీసుకున్నప్పుడు నమ్మలేకపోయాను, ఇవి మన పల్లేరు కాయలు! పోలిక మాత్రమే అనుకునేరు, అచ్చంగా అదే మొక్క. శాస్త్రంలో ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్ అంటారు. సముద్రాల అవతల మన వైపు ఖండాల నుంచి ఇక్కడికి వచ్చి ఈ ఎండు నేలల్లో పాతుకుపోయింది. ధర్మవరం దగ్గర మా ఊళ్ళో చెప్పుల్లేకుండా చేల గట్ల మీద తిరిగినవాణ్ణి, నాకు దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. కాయ ఎండాక ఐదు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకీ రెండేసి పెద్ద ముళ్ళు. ఎలా దొర్లినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది.

మూడేళ్ళ క్రితం ఇదే ప్రాంతంలో 35 మిల్లీమీటర్ల టైర్లు, లోపల ట్యూబులు వేసుకుని వచ్చాను. ఒకే మధ్యాహ్నం నాలుగు పంక్చర్లు. ప్యాచీలు అయిపోయి, చీకటి పడ్డాక బండి నడిపించుకుంటూ క్యాంపుకి చేరాను. ఆ రోజు పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది. ఈసారి వచ్చినవి 50 మిల్లీమీటర్లవి, ట్యూబ్‌లెస్. ఒక్కో టైరులో 120 మిల్లీలీటర్ల సీలెంట్ పోశాను. ముల్లు దిగగానే లోపలి పాలలాంటి ద్రవం ఆ రంధ్రంలోకి వచ్చి గట్టిపడుతుంది. మీరు చెయ్యాల్సింది ఒకటే, దారిలో ముల్లు కనిపించినా పీకకండి. అదే బిరడా లాగా పనిచేస్తోంది. పీకాల్సే వస్తే ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పండి, సీలెంట్ అక్కడికి చేరుతుంది. ఇంకో మాట, తారు దాటి పక్కన ఆగాలంటే బండిని దొర్లించకండి, ఎత్తి పెట్టండి. ముళ్ళన్నీ రోడ్డు అంచునే ఉంటాయి. ఈ పొడిగాలికి సీలెంట్ తొందరగా ఎండిపోతుంది కాబట్టి బయల్దేరే ముందు కొత్తగా పోసుకోండి.

టైరు మీద ఒక ఫిర్యాదు మాత్రం ఉంది, గట్టిగానే ఉంది. రిమ్ మీదికి ఎక్కించడం నరకం. ఇంట్లో ఏసీ గదిలో కూర్చుని చేస్తేనే గంటన్నర పట్టింది, టైరు ఎక్కించే లివర్లు రెండు విరిగాయి. టైరు పక్క చీలి ట్యూబు వెయ్యాల్సి వస్తే ఆ నిర్మానుష్యంలో ఒక్కణ్ణే ఇది ఎలా ఊడదీయను అన్న భయం నాలుగు రోజులూ నన్ను వదల్లేదు. కంపెనీకి కూడా ఇదే రాశాను.

ఇక నీళ్ళు. హాంక్స్‌విల్ దాటితే మళ్ళీ నమ్మకంగా కుళాయి కనిపించేది నేచురల్ బ్రిడ్జెస్ విజిటర్ సెంటర్ దగ్గర. మధ్యలో దాదాపు 95 మైళ్ళు. హైట్ దగ్గర దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, ఆ లెక్క వేసుకుని మాత్రం బయల్దేరకండి. నేను 9 లీటర్లు మోశాను. 9 కిలోలు అదనంగా ఉంటే బండి మలుపుల్లో మన మాట వినదు. అయినా ఒక్క లీటరు కూడా తగ్గించమని చెప్పను. మొదటి రోజు ఎండ లేదనుకుంటూనే 6 లీటర్లు తాగేశాను.

హైట్ దగ్గర నది ఉంది కదా అంటారేమో. కింద ఆనకట్ట వెనక నిలిచిన పావెల్ సరస్సు నీళ్ళు తగ్గి వెనక్కి పోయాక అక్కడ మిగిలింది మేటలు వేసిన బురద గట్లు. మడత బకెట్ పట్టుకుని, కాళ్ళు దిగబడకుండా ఒక రాతి చోటు వెతుక్కోడానికే అరగంట పట్టింది. తెచ్చిన నీళ్ళు పాలెక్కువైన టీ రంగులో ఉన్నాయి. పోయినసారి మోయాబ్ ఊరికి ఎగువన ఇలాంటి నీళ్ళనే నేరుగా ఫిల్టర్‌లో పట్టాను, పావుగంటలో మూసుకుపోయింది. ఈసారి చిన్న డబ్బాలో పటిక పట్టుకెళ్ళాను. మా అవ్వ వానాకాలంలో కుంట నీళ్ళ బిందెలో పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పి మూత పెట్టేది, పొద్దున్నకి అడుగున మట్టి, పైన తేట. గ్రాండ్ క్యానియన్‌లో తెప్పల మీద వెళ్ళేవాళ్ళూ ఇదే నది నీళ్ళకి పటికే వాడతారు. చిటికెడు పొడి వేసి కలిపి, రాత్రంతా కదపకుండా వదిలేశాను. తెల్లారి పై తేట వంచుకుని ఫిల్టర్‌లో పడితే సుఖంగా దిగింది. పటిక మట్టినే తేరుస్తుంది, క్రిముల్ని చంపదు, ఫిల్టర్ తప్పదు. ఆ బకెట్ ముందు కూర్చుని అవ్వని తలుచుకున్నాను. ఆమె ఈ నది పేరు కూడా విని ఉండదు.

రెండో రోజు నది ఒడ్డు నుంచి 6,500 అడుగుల ఎత్తుకి ఎక్కుడు, వైట్ క్యానియన్ వెంటే. సాయంత్రం విజిటర్ సెంటర్ కుళాయి కింద తల పెట్టాను. క్యాంపు స్థలాలు 13, ముందు వచ్చినవాళ్ళకి ముందు. అక్కడ నీళ్ళు లేవు, కుళాయి దగ్గరే సీసాలన్నీ నింపుకుని వెళ్ళండి. 2007లో ప్రపంచంలోనే మొదటి డార్క్ స్కై పార్కుగా, అంటే రాత్రి ఆకాశానికి దీపాల వెలుతురు అడ్డురాని చోటుగా, గుర్తించింది దీన్నే. నేను తొమ్మిదింటికే నిద్రపోయాను, మూడింటికి లేచి చూస్తే మా మిద్దె మీద చిన్నప్పుడు చూసిన పాలపుంత కనిపించింది.

మూడో రోజు గురించి చెప్పకుండా ఉండలేను. మేసా అంటే స్పానిష్‌లో బల్ల. పైన గట్టి ఇసుకరాయి పెచ్చు, కింద మెత్తటి రాళ్ళు. మెత్తనివి అరిగిపోతుంటే పై పెచ్చు అంచులు విరిగి నిట్టనిలువు గోడ మిగులుతుంది. 261 మీద మధ్యాహ్నం దాకా ఆ బల్ల మీదే, జునిపర్ చెట్ల మధ్య తొక్కుతాం. కిందికి దారి ఉందన్న గుర్తే ఉండదు. ఉన్నట్టుండి తారు అయిపోతుంది, నేల అయిపోతుంది, ఎదురుగా ఆకాశం.

అదే మోకీ డగ్‌వే. మూడు మైళ్ళ కంకర దారి, దాదాపు 1,200 అడుగుల దిగుడు, 11 శాతం దాకా వాలు, అంచున రెయిలింగ్ లేదు. పైన ఆగి టైర్లలో గాలి 45 నుంచి 32 పీఎస్‌ఐకి దించాను. ఈ వెడల్పు టైర్ల విలువ నాకు అక్కడ తెలిసింది. కంకర అలల మీద హ్యాండిల్ కొట్టుకోలేదు, వెనక చక్రం ఒక్క మలుపులోనూ జారలేదు. ప్రతి మలుపు దగ్గరా ఆగాను, సగం బ్రేకులు చల్లారడానికి, సగం చూడటానికి. కింద వ్యాలీ ఆఫ్ ద గాడ్స్ అనే లోయ ఎర్రగా పరుచుకుని ఉంది, దూరంగా మాన్యుమెంట్ వ్యాలీ శిఖరాలు.

ఈ దారిని 1958లో ఒక గనుల కంపెనీ వేసింది. వైట్ క్యానియన్ దగ్గరి హ్యాపీ జాక్ గని నుంచి యురేనియం ఖనిజాన్ని లారీల్లో మెక్సికన్ హ్యాట్ మిల్లుకి తోలడానికి. అంటే రెండు రోజులుగా నేను తొక్కింది ఆ లారీల దారే. నాలుగో రోజు సాన్ హువాన్ నది దాటాక, 163 దగ్గర్లో రాళ్ళు పరిచి కప్పిన పెద్ద దిబ్బ కనిపిస్తుంది. ఆ మిల్లు వ్యర్థాలు దాని కిందే ఉన్నాయి. పక్కనే నవాహో అనే ఇక్కడి ఆదివాసీ తెగ కుటుంబాల ఇళ్ళు. ఫొటో తీయకుండా వచ్చేశాను. మీరు అటు వెళ్తే అది మామూలు గుట్ట కాదని తెలిసి వెళ్ళండి. నవాహో నేల మీద ఎక్కడపడితే అక్కడ టెంటు వెయ్యకండి, అది వాళ్ళ దేశం, అనుమతి ఉన్న క్యాంపుల్లోనే దిగండి. మద్యం అక్కడ నిషేధం.

మరి వెళ్ళొచ్చా? వెళ్ళండి. 95 మీద చాలాచోట్ల రోడ్డు పక్కన తొక్కడానికి జాగా లేదు, కంకర తారు గరగరమంటుంది, పెద్ద ఇళ్ళబండ్లు దగ్గరగా పోతాయి. ఇవన్నీ రాసిపెట్టుకుని మార్కులు వేస్తే పదికి ఆరు రావచ్చు. నేను తొమ్మిదిన్నర ఇస్తున్నాను, మోకీ డగ్‌వే మూడో మలుపు దగ్గర నిలబడ్డ ఆ పది నిమిషాల కోసం. ఒక్కరోజైనా 8 లీటర్లు మోసి తొక్కిన అనుభవం లేకపోతే మాత్రం ముందు ఇంటి దగ్గర అది చేసి చూడండి. జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఉరుముల వానలకి వాగులు ఒక్కసారిగా పొంగుతాయి, అప్పుడు వద్దు.

టైర్లు బండికే ఉంచుతున్నాను. పదకొండు ముళ్ళూ ఇవాళ పట్టకారుతో పీకాను, తొమ్మిది వెంటనే మూసుకున్నాయి, రెండింటికి ప్లగ్ పెట్టాల్సి వచ్చింది.