పాత మాస్సీకి ఆల్టర్నేటర్: ముందు ఎర్తు చూడండి

వ్యాఖ్యాత: నమస్కారం. మాస్సీ ఫెర్గూసన్ 35 లాంటి పాత ట్రాక్టర్లకు బ్యాటరీని చార్జ్ చేసే డైనమో తీసి, అదే పని చేసే ఆల్టర్నేటర్ బిగించడం గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ట్రాక్టర్ల కరెంటు పనిలో చేయి తిరిగిన మేస్త్రి గారు మనతో ఉన్నారు. డైనమో పనిచేస్తూనే ఉంటే మార్చడం ఎందుకండీ?

మేస్త్రి: పగటి దుక్కికైతే అక్కరలేదమ్మా. రాత్రిపూట దమ్ము చేసేవాళ్లకే చిక్కు. లూకాస్ సీ40-1 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. ఇంజను స్లోలో ఉంటే అది కూడా రాదు. 55 వాట్ల బల్బులు నాలుగు వెలిగిస్తే 18 ఆంపియర్లు వాటికే పోతాయి. ఇక బ్యాటరీకి ఏం మిగులుతుంది? తెల్లారి సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటుంది. అదే లూకాస్ 17ఏసీఆర్ ఆల్టర్నేటర్ అయితే 36 ఆంపియర్లు ఇస్తుంది, తక్కువ రేసులోనూ చార్జింగ్ అందుతుంది.

వ్యాఖ్యాత: అంటే పాతది విప్పి, కొత్తది బిగిస్తే సరిపోతుందా?

మేస్త్రి: బిగించడం తేలికే. బ్రాకెట్ కుదిరి, పుల్లీలు ఒకే వరుసలో ఉండి, బెల్టు బిగువుగా ఉంటే చాలు. అసలు పని ఎర్తు దగ్గర ఉంది. ఆ కాలపు బ్రిటిష్ ట్రాక్టర్లలో బ్యాటరీ ప్లస్ వైరే బాడీకి కలిపి ఉంటుంది. ఇప్పుడు దొరికే ఆల్టర్నేటర్లు మైనస్ ఎర్తువి, అంటే మైనస్ వైరు బాడీకి కలిపేవి. చూసుకోకుండా కలిపితే లోపల కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లు అక్కడికక్కడే కాలిపోతాయి. అందుకని ముందు బ్యాటరీ వైర్లు తిప్పుకోవాలి, కరెంటు ఎంత పోతోందో చూపే అమ్మీటరు వెనక రెండు వైర్లూ తారుమారు చేయాలి.

వ్యాఖ్యాత: మరి సెల్ఫ్ మోటారు వెనక్కి తిరగదా?

మేస్త్రి: తిరగదమ్మా! చాలామంది అక్కడే భయపడి ఆగిపోతారు. అందులో చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డు, మధ్యలో తిరిగే ఆర్మేచరు రెండింటిలోనూ కరెంటు దిశ ఒకేసారి మారుతుంది, కాబట్టి తిరిగే వైపు మారదు. డీజిల్ బండికి, పెట్రోలు బండిలో ఉండే ఇగ్నిషన్ కాయిల్ గొడవ కూడా లేదు.

వ్యాఖ్యాత: డైనమో చార్జింగ్‌ను అదుపు చేసే పాత కటౌట్ ఉంచాలా?

మేస్త్రి: దాని వైర్లు తప్పించాలి. 17ఏసీఆర్‌కు ఆ అదుపు చేసే రెగ్యులేటర్ లోపలే ఉంది. ఆల్టర్నేటర్ నుంచి కరెంటు తెచ్చే పెద్ద వైరు మాత్రం లావుగా కొత్తది వేసి, నేరుగా సెల్ఫ్ మీది బ్యాటరీ టెర్మినల్‌కు కలపండి. పాత అమ్మీటరు 30 వరకే చూపించేదైతే 36 ఆంపియర్లు దాని గుండా పోనివ్వకండి. వోల్టుమీటరు పెట్టుకోవడం మేలు. ఇక డ్యాష్‌బోర్డు మీది ఎర్రబల్బు, దాన్ని అసలు వదలకూడదు.

వ్యాఖ్యాత: అది చూసుకోవడానికే కదండీ?

మేస్త్రి: కాదు, చార్జింగ్ మొదలయ్యేదే దానివల్ల. తాళం తిప్పగానే ఆ 2.2 వాట్ల బల్బు గుండానే ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటరుకు తొలి కరెంటు అందుతుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ నిక్షేపంగా ఉన్నా, రేసు బాగా పెంచితే తప్ప చార్జింగ్ అందుకోదు. అక్కడ ఎల్‌ఈడీ పెట్టినా అంతే. అన్నీ కలిపాక ఇంజను మధ్యస్థం రేసులో ఉంచి బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపాలి. చార్జింగ్ చూద్దామని ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకే అలవాటు డైనమో రోజుల నుంచీ ఉంది. ఆల్టర్నేటర్‌తో ఆ పని చేయకండి, డయోడ్లు పోతాయి. ట్రాక్టరు మీద వెల్డింగు చేయించేటప్పుడు కూడా బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ ప్లగ్గు ముందే తీసేయండి.