ఊరు తెలిసింది, ఇల్లు దొరకలేదు

హంటింగ్టన్ వ్యాధికి కారణమైన జీన్ నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని 1983లోనే తేలిపోయింది. కానీ ఆ జీన్ చేతికి చిక్కింది 1993లో. ఈ పదేళ్ళూ ఏం జరిగిందో చూద్దాం.

ముందు జబ్బు గురించి రెండు మాటలు. మామూలుగా ముప్పై, నలభై ఏళ్ళ వయసులో బయటపడుతుంది. కాళ్ళూ చేతులూ వాటంతట అవే కదులుతుంటాయి. తర్వాత మాట, ఆలోచన, అన్నీ దెబ్బతింటాయి. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే ఛాన్స్ సగానికి సగం. జబ్బు తెలిసేసరికి చాలామందికి పిల్లలు కూడా పుట్టేసి ఉంటారు, అదీ టెన్షన్.

అమెరికన్ సైకాలజిస్ట్ నాన్సీ వెక్స్‌లర్ తల్లి ఈ జబ్బుతోనే 1978లో చనిపోయారు. మరుసటి ఏడాదే నాన్సీ వెనిజులాలోని మరకైబో సరస్సు ఒడ్డుకి వెళ్ళారు. అక్కడి పల్లెల్లో ఒకే వంశంలో వందలమందికి ఈ జబ్బు. వాళ్ళ రక్తం, చర్మం శాంపిల్స్ కావాలి. ఎవరో విదేశీయులొచ్చి అడిగితే ఎందుకిస్తారు? మా అమ్మకీ ఇదే జబ్బు, నేనూ శాంపిల్ ఇచ్చాను అని నాన్సీ చెప్పినా జనానికి నమ్మకం కుదరలేదు. అప్పుడు టీమ్‌లోని నర్సు ఫిడేలా గోమెజ్, నాన్సీ చెయ్యి పట్టుకుని చర్మం తీసిన మచ్చని అందరికీ చూపించారు. ఆ మచ్చ చేసిన పని ఏ ఉపన్యాసమూ చేయలేదు.

ఆ రక్తం బోస్టన్‌లో జేమ్స్ గుసెల్లా ల్యాబ్‌కి చేరింది. జబ్బున్న వాళ్ళందరిలో జబ్బుతోపాటే వస్తున్న డీఎన్ఏ గుర్తు ఏదైనా ఉందా అని వెతికారు. దీనికి దశాబ్దాలు పడుతుందనుకున్నవాళ్ళున్నారు. పరీక్షించిన మొదటి కొద్ది గుర్తుల్లోనే జీ8 అనేది కలిసొచ్చింది, అది ఉన్నది నాలుగో క్రోమోజోమ్ మీద. అచ్చంగా అదృష్టమే!

అదృష్టం అక్కడితో ఆగిపోయింది. ఊరు తెలిసింది గానీ ఇంటి నంబర్ తెలియదు. కొన్ని కుటుంబాల డేటా చూస్తే జీన్ క్రోమోజోమ్ చిట్టచివర ఉన్నట్టు అనిపించింది. ఏళ్ళ తరబడి ఆ కొసనే తవ్వారు. తీరా చూస్తే అది ఇంకా లోపలికి ఉంది. చివరికి జీన్ దొరికిందని ప్రకటించిన రీసెర్చ్ పేపర్ మీద వ్యక్తుల పేర్లకి బదులు గ్రూప్ పేరే వేశారు, అందులో 58 మంది సైంటిస్టులు.

దొరికిన తప్పు ఏమిటంటే, సీఏజీ అనే మూడు డీఎన్ఏ అక్షరాలు ఆ జీన్‌లో మరీ ఎక్కువసార్లు రావడం. మామూలుగా 26 సార్ల లోపే ఉంటుంది. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే జబ్బు వచ్చి తీరుతుంది.

ఇప్పుడు రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. అయినా రిస్క్ ఉన్నవాళ్ళలో చాలామంది చేయించుకోరు. అది పిరికితనం అంటే నేనొప్పుకోను, ఎందుకంటే జబ్బుని ఆపేసే మందు ఇంకా చేతికి రాలేదు. తనకూ ఈ జబ్బు ఉందని నాన్సీ 2020లో బయటికి చెప్పారు.