మేకపిల్లల తూకం కాటా: ఆరు వారాలు వాడాక నా మాట

నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ వేలాడే కాటాను కంపెనీ వాళ్లు నాకు ఉచితంగా పంపారు. డబ్బు తీసుకోలేదు, ఈ వీడియోను ముందుగా వాళ్లకు చూపించలేదు. ఎంత బరువు మోస్తుంది, బ్యాటరీ ఎలాంటిది అన్న వివరాలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి అవి మళ్లీ చదవను. 22 మేకపిల్లలను ఆరు వారాల పాటు వారానికోసారి దీంతో తూచాను. అక్కడ తెలిసిందే చెబుతాను.

పై కొక్కెం దూలానికి, కింది కొక్కెం జోలెకు. పిల్లను జోలెలో వేసి నాలుగు కాళ్లూ రంధ్రాల్లోంచి కిందికి వదలాలి. అది ఊరుకుంటుందా? వెనక కాళ్లతో తన్నుతుంది, అరుస్తుంది, దాని అరుపు విని తల్లి అందుకుంటుంది. ఇదివరకు నా దగ్గర ముల్లు కాటా ఉండేది. ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే మధ్యలో ఏదో ఒక అంకె అనుకుని పుస్తకంలో రాసుకునేవాడిని. ఆ అనుకోవడంలో అర కిలో తేడా వచ్చేది. ఏడు కిలోల పిల్లకు అర కిలో అంటే దాదాపు వారం రోజుల ఎదుగుదల. అంటే ఇన్నేళ్లూ నేను రాసుకున్న పుస్తకంలో ఏ పిల్ల పెరిగిందో, ఏది ఆగిపోయిందో నిజంగా తెలిసే వీలే లేదు.

ఈ కాటాలో అంకెను పట్టి ఉంచే సదుపాయం ఒకటి ఉంది. పిల్ల ఎంత గింజుకున్నా కొన్ని క్షణాల పాటు ఊగే అంకెల సగటు తీసుకుని, ఒక కూత పెట్టి, ఒక అంకె దగ్గర నిలిచిపోతుంది. పిల్లను దించేసినా ఆ అంకె తెర మీదే ఉంటుంది. నెమ్మదిగా పెన్ను తీసి రాసుకోవచ్చు. నమ్మకం కుదరక మొదటి రోజు ఒకే పిల్లను వరసగా మూడుసార్లు వేశాను. 7.34, 7.36, 7.34. ఆ మూడు అంకెలు చూసినప్పుడు కలిగిన సంతోషం మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఈ ఒక్క సదుపాయం కోసమే ఈ వీడియో చేస్తున్నాను.

ఇంత పట్టుదల ఎందుకంటారా? చెవి మీద తెల్ల మచ్చ ఉన్న పిల్ల ఒకటి ఉంది. పాలు మాన్పించాక దాని తూకాలు ఇవి: 7.9, 8.6, 9.1, 9.2, 9.0. దుముకుతోంది, దాణా తింటోంది, బొచ్చు నిగనిగలాడుతోంది. కంటికి ఏ లోపమూ కనిపించదు. కానీ పుస్తకంలో ఎదుగుదల ఆగింది. కింది రెప్ప లాగి చూశాను. లోపలి పొర ఎర్రగా ఉండాల్సింది, పాలిపోయిన గులాబీ రంగులో ఉంది. పెంటికలను పశువైద్యుల దగ్గర పరీక్ష చేయిస్తే నట్టల, అంటే కడుపులో ఉండే పురుగుల, గుడ్లు విపరీతంగా కనిపించాయి.

అది హీమాంకస్ అనే నట్ట. ఉండేది మేక నాలుగో పొట్టలో, బతికేది రక్తం మీద. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తీసేస్తుంది. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. తొమ్మిది కిలోల పిల్ల ఒంట్లో ఉండే మొత్తం రక్తమే ఆరేడు వందల మిల్లీలీటర్లు. లెక్క మీరే వేసుకోండి. దవడ కింద నీరు చేరి సంచిలా వేలాడే దాకా చూస్తూ కూర్చుంటే చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

కంటి రెప్ప రంగును 1 నుంచి 5 వరకు పోల్చి చూసే ఫమాచా కార్డు దక్షిణాఫ్రికాలో పుట్టింది. చాలా మంచి పద్ధతి. 4, 5 కనిపిస్తే మందు తప్పదు, చిన్నపిల్లలకైతే 3 దగ్గరే వేయడం మంచిది. కానీ అది చెప్పేది రక్తం తగ్గిందా లేదా అన్నంత వరకే. చిన్న పేగుల్లో ఉండే ట్రైకోస్ట్రాంగైలస్ లాంటి నట్టలు రక్తం తాగేవి కావు. పేగు గోడను పాడుచేసి, తిన్నది ఒంటికి పట్టకుండా చేస్తాయి. రెప్ప ఎర్రగానే ఉంటుంది, పిల్ల మాత్రం ఎదగదు. కాటా దాన్నీ పట్టిస్తుంది. అందుకే నాకు కార్డు ఒక కన్నయితే కాటా రెండో కన్ను.

మేత సంగతికీ ఇదే కాటా. పుట్టిన పిల్లకు మొదటి రోజు ముర్రుపాలు దాని బరువులో పదో వంతు అందాలి. రెండున్నర కిలోల పిల్లకు 250 మిల్లీలీటర్లు, అందులో తొలి విడత మొదటి గంటల్లోనే. తూచకుండా ఎంత పట్టాలో ఎలా తెలుస్తుంది? పాలు మాన్పించడానికి కూడా నేను వయసు ఒక్కటే చూడను, పుట్టినప్పటి బరువుకు రెండున్నర రెట్లు వచ్చిందా అని చూస్తాను. తొందరపడి మాన్పించిన పిల్లే ముందుగా నట్టలకు లొంగుతుంది. రక్తంతో పాటు మాంసకృత్తులు కూడా పోతుంటాయి కాబట్టి మచ్చ చెవి పిల్లకు మందుతో పాటు దాణాలో మాంసకృత్తులు పెంచాను. పొద్దున మంచు ఆరకముందు పచ్చికలోకి వదలడం మానేశాను. తడి ఉన్నప్పుడే నట్టల పిల్లలు గడ్డి పరక మీదికి పాకుతాయి, అదీ నేలకు దగ్గరగానే ఎక్కువగా ఉంటాయి. పొదల ఆకు మేసే పిల్లకు ఆ బెడద చాలా తక్కువ.

ఇప్పుడు నా కోపం. ఈ కాటా మీద రెండు బొత్తాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి జోలె బరువు తీసేసి సున్నా చేసేది, రెండోది కిలోలను పౌండ్లుగా మార్చేది. రెండూ ఒకే పరిమాణం, ఒకే రంగు. పిల్ల మూత్రం పోసి జోలె తడిసినప్పుడల్లా సున్నా చేయాలి కదా, ఆ తొందరలో పక్క బొత్తం నొక్కేశాను. కొత్తగా వచ్చిన పిల్లను వేస్తే తెర మీద 15.4. దాని ప్రకారం సిరంజీలోకి మందు కూడా లాగాను. నోరు తెరిపించడానికి పిల్లను చంకలోకి ఎత్తుకుంటే తేలిగ్గా వచ్చేసింది. అనుమానం వచ్చి చూస్తే మూలన చీమ తలంత అక్షరాల్లో పౌండ్లు అని ఉంది. అసలు బరువు 7 కిలోలు. రెండింతలకు పైగా మందు పడిపోయేది. లెవామిసోల్ లాంటి నట్టల మందుల్లో పనిచేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. ఒక బొత్తాన్ని కాస్త దూరంగా పెట్టడానికి ఏమంత కష్టం? పిల్లల ప్రాణాలతో ముడిపడిన వస్తువు చేసేవాళ్లు ఈ మాత్రం ఆలోచించాలి.

తక్కువ పడినా ప్రమాదమే. పది కిలోలకు 2 మిల్లీలీటర్లు అని వైద్యులు చెప్పారనుకోండి, 6 కిలోల పిల్లకు 1.2 అవుతుంది. కంటి అంచనాతో 1 వేస్తే ఆరో వంతు తగ్గింది. ఆ తక్కువ మోతాదును తట్టుకున్న పురుగులే గుడ్లు పెడతాయి, కొన్నాళ్లకు ఆ మందుకు మీ మందలోని నట్టలు చావవు. థయాబెండజోల్ అనే నట్టల మందు 1961లో వచ్చింది, మూడు నాలుగేళ్లకే దానికి లొంగని హీమాంకస్ కనిపించింది. పైగా మేకల ఒంట్లో చాలా నట్టల మందులు గొర్రెల్లో కంటే త్వరగా ఖర్చయిపోతాయి, అందుకే గొర్రెల మోతాదు వీటికి సరిపోదు. ఎంత వేయాలో పశువైద్యులను అడగండి, బరువు మాత్రం మీరు కచ్చితంగా చెప్పండి.

22 పిల్లల్లో ఈ ఆరు వారాల్లో మందు వేసింది అయిదింటికే. మిగతావి పెరుగుతున్నాయి, రెప్పలు ఎర్రగా ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. ఒకటి పారుకుంటూ తగ్గింది కానీ పరీక్షలో అది కాక్సీడియా అని తేలింది. అది పేగుల్లో చేరే కంటికి కనిపించని సూక్ష్మజీవి, నట్ట కాదు, నట్టల మందు దానికి పనిచేయదు.

కొనాలా? కొనండి. పౌండ్ల బొత్తం మీద నేను గట్టి టేపు రెండు వరసలు అతికించాను, మీరూ మొదటి రోజే అతికించండి. ఆ బొత్తం మీద కోపం తగ్గలేదు, అయినా ఈ కాటాను వెనక్కి ఇవ్వను.

మచ్చ చెవి పిల్లను ఇప్పుడే మీ ముందు వేస్తాను. మందు వేసి 14 రోజులైంది, పెంటికలు మళ్లీ పరీక్షకు పంపాను. పోయిన వారం 9.3. ఆగండి, తన్నుతోంది... కూత పెట్టింది. 10.04.