జత తీగలు తీసేసిన పాలకొల్లు పిల్లవాడు

అందరికీ నమస్కారం.

ముందుగా నా చేతిలో ఉన్న ఈ మాండొలిన్ చూడండి. తీగలు ఎనిమిది, కానీ నాలుగు జతలుగా ఉంటాయి. ఒక్కో జతలో రెండు తీగలకీ ఒకటే శ్రుతి. ఇప్పుడు దీని మీద తోడి రాగంలో గాంధారం, అంటే ‘గ’ స్వరం, పట్టుకుంటాను, వినండి. విన్నారు కదా? తీగలు పక్కకి లాగగానే ఒకటి ఎక్కువ సాగింది, ఒకటి తక్కువ సాగింది. స్వరం రెండుగా చీలిపోయింది. పైగా మీటిన నాదం వెంటనే ఆరిపోతోంది, గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, పూర్తయ్యేదాకా నిలవదు.

పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారి మాండొలిన్ ఎత్తుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి ఆ వాద్యం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నదాన్ని వేళ్ళ మీదికి తెచ్చుకునేవాడు. గొంతు పలికిందల్లా తీగ పలకాలంటే ఈ జత తీగలతో కుదిరే పని కాదు. అందుకే ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, ఐదో తీగ కూడా చేర్చుకున్నారు. తొమ్మిదేళ్ళకి గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఇంకా పద్నాలుగేళ్ళే!

సరిగ్గా ఇలాంటి పనే అంతకుముందు ఒక ఇంగ్లండ్ గిటారిస్టు చేశారు. జాన్ మెక్‌లాఫ్లిన్. అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ దగ్గర వాయించినవారు. 1970లో వచ్చిన ‘బిచెస్ బ్రూ’ ఆల్బమ్‌లో ఒక ట్రాక్‌కి మైల్స్ ఆయన పేరే పెట్టారు. అంత పేరున్న మనిషి, అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకోవడానికి కూర్చున్నారు. తబలా జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరాం గార్లతో ‘శక్తి’ అనే బృందం మొదలుపెట్టాక, గిటార్ మెట్ల మధ్య చెక్కని గుంటలుగా చెక్కించుకున్నారు. ఎందుకంటే అలా చేస్తేనే తీగ వీణలో సాగినంత సాగుతుంది, గమకం పలుకుతుంది.

ఫ్యూజన్, అంటే వేర్వేరు సంగీతాల కలయిక, అనే మాట మనం చాలా తేలిగ్గా వాడేస్తున్నాం. వెనక డ్రమ్స్ పెట్టి ముందు ఒక కీర్తన పాడితే ఫ్యూజన్ అంటున్నాం. నాకది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. వీళ్ళిద్దరూ మాత్రం రాగం కోసం చేతిలోని వాద్యాన్నే మార్చుకున్నారు. 1990ల చివర్లో ‘శక్తి’కి కొనసాగింపుగా వచ్చిన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో పక్కపక్కన కూర్చున్నప్పుడు ఒకరు వాయించినదాన్ని ఇంకొకరు అందుకున్నారంటే, దాని వెనక అంత తయారీ ఉంది.

2014 సెప్టెంబర్ 19న చెన్నైలో శ్రీనివాస్ గారు పోయారు. 45 ఏళ్ళు. అది వయసా!

ఇక దగ్గరి కబురు చెప్తాను. 2024 ఫిబ్రవరిలో ‘శక్తి’ వారి ‘దిస్ మొమెంట్’ ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది. 46 ఏళ్ళ తర్వాత వాళ్ళు చేసిన స్టూడియో ఆల్బమ్ అది. ఆ రాత్రి జాకిర్ హుస్సేన్ గారికి మొత్తం మూడు గ్రామీలు. ఆ డిసెంబర్ 15న ఆయన కూడా వెళ్ళిపోయారు. ఆల్బమ్‌లో మొదటి ట్రాక్ పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. మైల్స్ ఒకప్పుడు మెక్‌లాఫ్లిన్ పేరు పెట్టినట్టే, మెక్‌లాఫ్లిన్ బృందం మన శ్రీనివాస్ గారి పేరు పెట్టుకుంది. గ్రామీ వార్త తెలిసిన చాలామందికి ఈ సంగతి తెలియదు. పాలకొల్లులో ప్రతి సంగీతం బడి పిల్లకీ తెలియాలని నా కోరిక.

అదే ఆల్బమ్‌లో ‘గిరిరాజ్ సుధ’ అని ఇంకో ట్రాక్ ఉంది. పేరు చూసి కొత్తదనుకోకండి. త్యాగయ్యగారి ‘గిరిరాజసుతా తనయ’, బంగాళ రాగం. శంకర్ మహదేవన్ గారు పాడారు. ఇప్పుడు అదే పెడుతున్నాను. కీర్తన వచ్చినవాళ్ళు పల్లవి దగ్గర గొంతు కలపండి, మిగతావాళ్ళు తాళం వేయండి.