బొద్దు పిల్లల ఊపిరి

శ్రోతలకు నమస్కారం.

"బొద్దుగా ఉన్నాడు, ఆ మాత్రం ఆయాసం ఉండదేటి?" శ్రీకాకుళంలో ఏ వీధి అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. మురిపెంగా అనే మాటే. కానీ ఆ ఆయాసం వెనక ఏం జరుగుతోందో చూద్దాం.

గాలి పీల్చేటప్పుడు ఛాతీకీ పొట్టకీ నడుమ ఉన్న డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగాలి. పొట్టలో కొవ్వు పేరుకుంటే దానికి చోటు చాలదు. పడుకుంటే మరీ ఇబ్బంది. ఊపిరి వదిలాక కూడా లోపల కొంత గాలి మిగిలి, సన్నటి గాలిగొట్టాలు మూసుకుపోకుండా కాస్తుంది. లావు పిల్లల్లో ఆ నిల్వే తగ్గుతుంది. చిత్రమేమిటంటే, కొందరిలో ఊపిరితిత్తులు బాగానే ఎదుగుతాయి, గాలిగొట్టాలే ఆ మేరకు వెడల్పవవు. స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్షలో, ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో బయటికొచ్చే వాటా తక్కువని తేలుతుంది. మెట్లెక్కి రొప్పే పిల్లాణ్ని సోమరిపోతు అనడం అన్యాయం.

వీళ్లకి ఉబ్బసం వచ్చే అవకాశమూ ఎక్కువే. అలాగని ప్రతి ఆయాసమూ ఉబ్బసం కాదు. పక్కింటివాళ్ల ఇన్‌హేలర్ తెచ్చి పీల్పించకండి. డాక్టరు రాసిచ్చినదాన్ని మీ అంతట మీరు ఆపకండి.

ఒళ్లు భారీగా ఉంటే దమ్ము ఉండదనీ కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి తెంచేవారు. ఆయన పేరుతో శ్రీకాకుళంలో స్టేడియమే ఉంది. ఆయనది సాధనతో వచ్చిన కండ. మన పిల్లలకి చిప్సు ప్యాకెట్టు, కూల్‌డ్రింకు, ఆపైన ట్యూషన్ల టెన్షన్. పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూల్‌డ్రింకు మాన్పించి చోడి (రాగి) అంబలో, మజ్జిగో ఇవ్వండి. పస్తులు మాత్రం పెట్టొద్దు. ఎత్తు పెరిగే వయసు కాబట్టి, చాలామందికి బరువు ఉన్నచోటే ఆగినా మేలే.

ఇక గురక. అది గాఢనిద్రకి గుర్తు అనుకుంటాం. కానీ గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే కణజాలం పెరిగి, మెడ దగ్గర కొవ్వు తోడైతే, నిద్రలో గాలిదారి మూసుకుపోతుంటుంది. పిల్లాడికి కాసేపు ఊపిరి ఆగి, ఉలికిపాటుతో మళ్లీ అందుతుంది. పగలు క్లాసులో తూగడం, ఊరికే చిరాకు పడటం, పక్క తడిపే వయసు దాటాక కూడా తడపడం దీనివల్ల కావచ్చు. గురక పెడుతున్నప్పుడు ఛాతీ కనబడేలా ఫోనులో వీడియో తీసి డాక్టరుకి చూపించండి. ఆసుపత్రిలో మెలకువగా కూర్చున్న పిల్లాణ్ని చూస్తే ఆయనకి ఈ సంగతి తెలియదు.