పిట్ట పేరు ఎవరు చెప్పాలి?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి, ఏమనుకోకండి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ జయంతి కదా, ఆయన జీవితం గురించి చెప్పమన్నారు. 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు, చిన్నప్పుడే అమ్మానాన్న పోతే మేనమామ పెంచారు. పదేళ్లప్పుడు ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టాడు. తీరా చూస్తే గొంతు మీద పసుపు మచ్చ! ఇది తినొచ్చా అని మామను అడిగితే ఆయనకూ తెలీలేదు, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ మిల్లర్డ్ అనే దొర పిల్లాణ్ణి కసురుకోకుండా పిట్ట పేరు చెప్పి, అక్కడ దాచిన పిట్టలన్నీ చూపించాడు.

నేనూ కొట్టానండీ, ఉండేలుతో. రెక్క విరిగి ఇసుకలో గుండ్రంగా తిరిగింది. మా నాన్న వీపు విమానం మోత మోగించాడు. పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకు అరవై దాటినా అది ఏ పిట్టో తెలీదు.

సలీం అలీ 1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు, 1941లో భారతీయ పక్షుల మీద పుస్తకం తెచ్చారు, పద్మవిభూషణ్ వచ్చింది... ఈ కాగితం పక్కన పెట్టేస్తాను. కడపలో నిలబడి కలివికోడి అనే మన పిట్ట గురించి చెప్పకపోతే ఎలా?

1848లో జెర్డన్ అనే డాక్టరు దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. అనుకున్నదెవరు? పుస్తకాల వాళ్లు. ఆ బాంబే సొసైటీ వాళ్లే బొమ్మ పట్టుకుని మన పల్లెల్లో అడుగుతూ తిరిగితే, 1986 జనవరిలో సిద్ధవటం వైపు దొరికింది. పట్టిందెవరు? మన వేటగాడు, రాత్రిపూట టార్చి వెలుగులో! అప్పటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్లు, మరుసటి ఏడాదే పోయారు. జెర్డన్ పేరు పిట్టకుంది, ఆ వేటగాడి పేరు మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా!

పగలు కలివి పొదల్లో నక్కి రాత్రి తిరిగే పిట్ట అది, దాని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. అయినా మన బళ్లో పిల్లలు పెంగ్విన్ బొమ్మ గీస్తారు, దీన్ని గీయమంటే బిక్కమొహం వేస్తారు. టీచర్లూ, కోపం తెచ్చుకోకండి, నేనూ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణే, నేనూ చెప్పలేదు.

అయిపోయింది సార్, బెల్లు కొట్టకండి. వెనక ఎర్ర చొక్కా అబ్బాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉన్నాడు. అడుగు నాయనా, ఏ పిట్ట?